చేతిలో ఉన్న కార్డు ఉంచుకోవాలా, మార్చుకోవాలా?

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. కాలేజీ రోజుల బైండర్ పాత పెట్టెలో దొరికింది. అందులో మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటవి, రివైజ్డ్ ఎడిషన్ ‘అండర్‌గ్రౌండ్ సీ’ కార్డులు రెండు, ‘ప్లాటో’ ఒకటి, ఇంకా ‘టార్మోగోయిఫ్’లు నాలుగు ఉన్నాయి. వెనక జేబులో చిన్నప్పటి పోకెమాన్ చారిజార్డ్ ఒకటి. మీరు మళ్ళీ ఆట మొదలుపెట్టారు, ఈసారి కమాండర్ ఫార్మాట్‌లో, అంటే డెక్‌కు (ఆటకు కూర్చుకున్న కార్డుల కట్టకు) ఒక కార్డు నాయకుడిగా ఉండే పద్ధతిలో. తోటి ఆటగాడు ఒకాయన ఆ రెండు సీ కార్డులు ఇస్తే కమాండర్ డెక్కులకు పనికొచ్చే 31 కార్డులు ఇస్తానన్నాడు. యాప్‌లో ధరలు కూడితే రెండు పక్కలా ఇంచుమించు ఒకే మొత్తం వస్తోంది. వారంలో ఏ సంగతీ చెప్పమన్నాడు. మార్చుకోవచ్చా, ఉంచుకోవాలా అన్నది మీ సందేహం.

ఈ బేరం ఈ రూపంలో వద్దు. మార్చుకోవడమే తప్పని నా ఉద్దేశం కాదు. మీ బైండర్‌లో ఇవాళే ఇచ్చేయదగ్గ కార్డులు ఉన్నాయి, ఆయన అడిగినవి మాత్రం అవి కావు. ఇలాంటి బేరాలు మీకు ముందు ముందు ఇంకా వస్తాయి కాబట్టి కారణాలు కాస్త వివరంగానే రాస్తాను.

ఇరవయ్యేళ్ళు పైబడి ఈ కార్డులు ఆడుతున్నాను, మార్చుకుంటున్నాను. ఫలానా కార్డు ధర పెరుగుతుందా తగ్గుతుందా అని ఊహించడంలో ఎన్నిసార్లు నెగ్గానో అన్నిసార్లు ఓడాను. అందుకే ఆ ప్రశ్న వేసుకోవడం మానేశాను. దాని బదులు ఒకటే అడుగుతాను: ఇది ఇచ్చేశాక రెండేళ్ళకు మళ్ళీ కావాలనిపిస్తే, తెచ్చుకోవడం ఎంత కష్టం? సులువుగా తిరిగి వచ్చేదైతే మారు ఆలోచన లేకుండా ఇచ్చేస్తాను. తిరిగి రానిదైతే, బదులుగా వచ్చేది కూడా అంత అరుదైనదై ఉండాలి, లేదా నాకు ఆ సమయంలో నిజంగా అక్కరకొచ్చేదై ఉండాలి.

ఈ ప్రశ్న నాకు 2005లో బోధపడింది. 2004లో స్టాండర్డ్ ఫార్మాట్‌ను (ఇటీవలి సెట్ల కార్డులే చెల్లే పద్ధతిని) ఆర్క్‌బౌండ్ రావేజర్ అనే కార్డు చుట్టూ కట్టిన డెక్ ఏలుతోంది. నాకూ ఆ డెక్ కావాలి. నా దగ్గర మీ సీల కోవకే చెందిన వొల్కానిక్ ఐలాండ్‌లు రెండు ఉండేవి. రావేజర్‌లు నాలుగు, ఇంకొన్ని చిన్న కార్డులు తీసుకుని వాటిని ఇచ్చేశాను. ఆ రోజు ధరల ప్రకారం బేరం అచ్చంగా సమానం, నన్నెవరూ మోసం చేయలేదు. 2005 మార్చిలో రావేజర్‌ను, దానితోపాటు ఆర్టిఫ్యాక్ట్ ల్యాండ్‌లను స్టాండర్డ్‌లో నిషేధించారు. డెక్ పోయింది, నా చేతిలో కార్డులు మిగిలాయి. బ్యాన్ రాకపోయినా మరికొన్ని నెలల్లో ఆ సెట్ రొటేషన్‌లో ఎలాగూ బయటికి పోయేదే. వొల్కానిక్ ఐలాండ్‌లు మాత్రం నేను మళ్ళీ కొనలేనంత దూరం వెళ్ళిపోయాయి. రోజు ధర సమానమైనంత మాత్రాన రెండు వస్తువులు సమానం కావని అప్పుడు అర్థమైంది. ఒకటి ఆ సీజన్ సరుకు, రెండోది ఎప్పటికీ అంతే సంఖ్యలో మిగిలే సరుకు.

అంతే సంఖ్యలో అని ఎందుకంటున్నానో చెప్పాలి, ఎందుకంటే మీ సీల విలువంతా అక్కడే ఉంది. మ్యాజిక్ 1993లో వచ్చింది. మొదటి అచ్చు ఆల్ఫాలో ఒక్కో రేర్ కార్డు సుమారు 1,100 ప్రతులు, బీటాలో సుమారు 3,300, అన్‌లిమిటెడ్‌లో 18,500 దాకా వేశారు. మీ సీలు, ప్లాటో 1994 నాటి రివైజ్డ్‌వి, తెల్ల అంచువి. ఆ అచ్చు వీటన్నిటి కంటే చాలా పెద్దది. 1995లో క్రానికల్స్ అనే సెట్‌లో పాత సెట్ల కార్డులను ఎడాపెడా మళ్ళీ అచ్చువేశారు. ఎంతో వెచ్చించి కూడబెట్టుకున్నవారు మండిపడ్డారు. దానికి జవాబుగా 1996లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ రిజర్వ్‌డ్ లిస్ట్ ప్రకటించింది. ఆ జాబితాలో ఉన్న కార్డులను టోర్నమెంట్‌లో వాడే రూపంలో ఇక ఎన్నడూ అచ్చువేయబోమని మాట ఇచ్చింది. ఫాయిల్ (మెరిసే కార్డు) వంటి ప్రత్యేక రూపాల్లో వేయవచ్చన్న సందు ఒకటి ఉండేది, 2010లో దాన్ని కూడా మూసేసింది. రెండు రంగుల మానా (మిగతా కార్డులు ఆడటానికి ఖర్చుపెట్టే శక్తి) ఇచ్చే పది డ్యుయల్ ల్యాండ్‌లూ ఆ జాబితాలో ఉన్నాయి. మీ సీలూ, ప్లాటో వాటిలోవే.

పాతవి కాబట్టే విలువైనవి అనుకోకండి. 1994 నాటి కార్డుల్లో ఎవరూ పట్టించుకోనివి కుప్పలున్నాయి. అండర్‌గ్రౌండ్ సీ నలుపు మానా, నీలం మానా రెండూ ఇస్తుంది, ఎటువంటి మూల్యం లేకుండా, వచ్చిన టర్న్‌లోనే. పైగా దానిమీద ఐలాండ్, స్వాంప్ అనే రెండు ల్యాండ్ రకాలూ ఉన్నందువల్ల ఫెచ్ ల్యాండ్‌లు అనే కార్డులు దాన్ని డెక్‌లోంచి వెతికి తేగలవు. 2005లో రవ్నికాతో మొదలైన షాక్ ల్యాండ్‌లు అదే పని చేస్తాయి కానీ, వచ్చిన వెంటనే వాడుకోవాలంటే రెండు లైఫ్ (ఆటగాడి ప్రాణాల లెక్క) చెల్లించాలి. పాత కార్డులు చెల్లే లెగసీ, వింటేజ్, కమాండర్ ఫార్మాట్లలో ఇన్నేళ్ళుగా డ్యుయల్ ల్యాండ్‌ల కంటే మెరుగైన ల్యాండ్ రాలేదు. సరుకు పెరగదు, వాడకం తగ్గలేదు. మీ రెండు సీల వెనక ఉన్న బలం అదే.

ఇప్పుడు ఆయన ఇస్తానన్న 31 కార్డులు చూద్దాం. మీరు రాసినవాటిలో రిస్టిక్ స్టడీ, స్మదరింగ్ టైద్, సైక్లోనిక్ రిఫ్ట్ పైవరసలో ఉన్నాయి. మంచి కార్డులు, నా డెక్కుల్లోనూ ఉన్నాయి. కానీ వీటిలో ఒక్కటీ రిజర్వ్‌డ్ లిస్ట్‌లో లేదు. రిస్టిక్ స్టడీ 2000లో వచ్చిన మామూలు కామన్, అప్పటినుంచి మళ్ళీ మళ్ళీ అచ్చయింది. కంపెనీకి కావాలనుకున్నప్పుడల్లా ఏదో ఒక సెట్‌లోనో, ముందే కట్టిన డెక్‌లోనో వేయగలదు. వేయాలన్న ఆశ కంపెనీకి ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే జనం కోరే కార్డు లోపల ఉంటేనే కొత్త ప్యాకెట్లు అమ్ముడుపోతాయి. అంటే ఈ కార్డుల సరుకు తాళం వేరేవాళ్ళ చేతిలో ఉంది. 2014లో ఖాన్స్ ఆఫ్ టార్కిర్‌లో ఆన్‌స్లాట్ సెట్ నాటి ఫెచ్ ల్యాండ్‌లు తిరిగి వస్తున్నాయని తెలిసిన రోజు వాటి పాత ప్రతులు పట్టుకున్నవాళ్ళ ముఖాలు నాకింకా గుర్తున్నాయి. ప్యాకెట్లు దుకాణానికి రాకముందే ధర దిగిపోయింది.

కమాండర్ కార్డులకు ఇంకో గండం కూడా ఉంది. 2024 సెప్టెంబరు 23న మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్‌లను, వాటితోపాటు ‘నాడు’ అనే కార్డును కమాండర్‌లో నిషేధించారు. జ్యువెల్డ్ లోటస్‌ను ఒకసారి తలచుకోండి. అది ఇచ్చే మానాతో కమాండర్‌ను మాత్రమే దించగలం, ఆ ఫార్మాట్ బయట దానికి పనే లేదు. ఒక్క ప్రకటనతో దాని వాడకమంతా పోయింది. ముందురోజు దాకా దాన్ని ‘సేఫ్’ అన్నవాళ్ళలో నాకు బాగా తెలిసిన అనుభవజ్ఞులున్నారు. ఒకే ఫార్మాట్ మీద నిలబడ్డ కార్డు ఒంటికాలి మీద నిలబడ్డట్టే. నిషేధం తిరగబడడమూ ఉంది, అది వేరే విషయం. 2020 జనవరిలో మోడర్న్ అనే ఇంకో ఫార్మాట్‌లో నిషేధించిన మాక్స్ ఓపల్‌ను 2024 డిసెంబరులో మళ్ళీ అనుమతించారు. ఐదేళ్ళు ఓపిక పట్టినవాళ్ళు గెలిచారు. కానీ ఆ ఐదేళ్ళలో కార్డు ఎప్పటికైనా తిరిగొస్తుందో లేదో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ధరల లెక్క దగ్గరికొస్తాను. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. యాప్‌లో కనిపించేది అమ్మేవాళ్ళు కార్డుకు అడిగే ధర, మీ చేతికొచ్చే ధర కాదు. దుకాణం కొనుగోలు ధర సాధారణంగా అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్య ఉంటుంది. నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మితే కమీషన్, కవర్లు, పోస్టేజీ, తపాలాలో పోతే మీ నెత్తినే. సీ లాంటి కార్డును ఒక్కసారి అమ్మితే ఈ ఖర్చు ఒక్కసారే. 31 చిన్న కార్డుల్ని అమ్మాలంటే 31 సార్లు ఫొటోలు, 31 సార్లు ‘మూల కొంచెం తెల్లబడింది కదా’ అన్న వాదన. వాటిలో పది కార్డులు ఏడాది దాకా కదలవు. పెద్ద నోటును చిల్లర చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. చిల్లర ఎప్పుడు, ఎక్కడ ఖర్చయిందో గుర్తుండదు, ఆ నోటు మాత్రం తిరిగి రాదు.

అందుకే ట్రేడ్ టేబుల్ దగ్గర పాతకాలపు మర్యాద ఒకటుంది. చిన్న కార్డులిచ్చి పెద్ద కార్డు తీసుకునేవాడు కొంచెం ఎక్కువ ఇవ్వాలి. మా బృందంలో ఇది పది నుంచి ఇరవై శాతం మధ్య నడిచేది. పెద్ద కార్డు ఇచ్చేవాడు తన తలకెత్తుకుంటున్న శ్రమకీ, నష్టభయానికీ అది పరిహారం. మీకు వచ్చిన బేరంలో ఆ ఎక్కువ లేదు. ఆయన చెడ్డవాడని అనను. ఆయన వైపు నుంచి చూస్తే ఇది చక్కటి బేరం, అందుకే అడిగాడు. మీరు కూడా మీ వైపు నుంచి చూసుకోవాలి.

అంతమాత్రాన అరుదైన కార్డయితే కళ్ళు మూసుకుని ఉంచుకోమని కూడా అనను. రిజర్వ్‌డ్ లిస్ట్ చట్టం కాదు, ఒక కంపెనీ మాట. 2022లో ముప్పయ్యో వార్షికోత్సవం పేరిట డ్యుయల్ ల్యాండ్‌లు, బ్లాక్ లోటస్ ఉన్న ప్యాకెట్లను నాలుగు కలిపి 999 డాలర్లకు అమ్మారు. వాటి వెనకవైపు వేరు, టోర్నమెంట్‌లో చెల్లవు. మాట నిలబడింది కానీ, ఎక్కడిదాకా వెళ్ళడానికి సిద్ధమో అందరికీ తెలిసింది. ఇంకో నెమ్మది మార్పు కమాండర్ బృందాల్లో ప్రాక్సీలను ఒప్పుకోవడం. సీ బొమ్మ అచ్చు తీసి ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టుకుంటే సరేననే బల్లలు పెరిగితే, ఆడటం కోసం అసలు సీ కొనేవాళ్ళు తగ్గుతారు. 2020, 21ల్లో రిజర్వ్‌డ్ లిస్ట్ కార్డులు అమాంతం ఎగిశాయి, తర్వాత వాటిలో చాలా వెనక్కి దిగాయి. ఆ శిఖరం మీద కొన్నవాళ్ళు ఏళ్ళతరబడి ఎదురుచూడాల్సివచ్చింది. కాబట్టి సీ ఎప్పుడూ పైకే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను చెప్పేది ఒక్కటే: దానికి పోటీగా కొత్త ప్రతి రాదు, 31 కార్డులకు వస్తుంది.

మీ పరిస్థితి గురించి కూడా ఒక్కమాట. ఆ రెండు సీలు మీరు కూడబెట్టుకున్న సొమ్ములో పెద్ద భాగమైతే, లేదా ఇంట్లో డబ్బు అవసరముంటే, ఒకటి అమ్మేయండి. అది ఓటమి కాదు. కార్డు వడ్డీ ఇవ్వదు, అద్దె ఇవ్వదు. పట్టుకున్నంత కాలం దాన్ని కాపాడే బాధ్యత మాత్రం ఇస్తుంది. అలాగే ఆడటానికి డెక్ లేక మీరు బల్ల పక్కన నిలబడి చూస్తున్నట్టయితే, ఆడటం కోసం ఒక కార్డు వదులుకోవడంలో తప్పు లేదు. ఇవి ఆడుకోవడానికి చేసినవి. నేను వొల్కానిక్ ఐలాండ్‌ల గురించి బాధపడేది డబ్బు కోసమే కాదు, తర్వాత ఎన్నో డెక్కుల్లో అవి ఉండాల్సిన చోట ఖాళీ ఉండడం వల్ల.

టార్మోగోయిఫ్‌ల సంగతి వేరు. దాన్లో నేను ఉల్టా తప్పు చేశాను. 2007లో ఫ్యూచర్ సైట్ సెట్‌లో వచ్చిన ఈ జీవి కార్డు కొన్నేళ్ళలో మోడర్న్‌కు రాజైంది. 2013లో మోడర్న్ మాస్టర్స్‌లో మళ్ళీ అచ్చువేస్తే ధర పడిపోతుందనుకున్నాం, పెరిగింది. ఆడేవాళ్ళు అంతలా పెరిగారు. అది చూసి నేను ఒక నియమం తయారు చేసుకున్నాను, రీప్రింట్ కూడా దీన్నేమీ చేయలేదని. 2015 ప్రాంతంలో ఒక్కోటి సుమారు 200 డాలర్ల దాకా పలికింది. మిత్రుడొకడు నాలుగింటికీ మంచి మారకం ఇస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. తర్వాత 2015, 2017, 2018లలో మాస్టర్స్ సెట్లలో మళ్ళీ వచ్చింది. 2017లో ఒకే ఒక్క మానాతో దాన్ని చంపే ఫేటల్ పుష్ వచ్చింది. 2019, 2021ల్లో మోడర్న్ హొరైజన్స్ సెట్లు దానికంటే బలమైన జీవులను తెచ్చాయి. ఇవాళ మామూలు ప్రతికి ఆనాటి ధరలో పదో వంతు కూడా గగనం. ఆ పతనంలో ప్రకటన లేదు, నిషేధం లేదు. ఏ రోజూ ‘ఇవాళ అమ్మేయాలి’ అనిపించలేదు. ఆట బలం మీద మాత్రమే నిలబడ్డ కార్డు ఆట మారేకొద్దీ నెమ్మదిగా కరుగుతుంది, పట్టుకున్నవాడికి తెలియకుండానే. ఎంతకు కొన్నామో, ఒకప్పుడు ఎంత పలికిందో అన్న జ్ఞాపకం మనల్ని కట్టిపడేస్తుంది. కార్డుకు మన జ్ఞాపకంతో పని లేదు.

కాబట్టి గోయిఫ్‌లు ఇచ్చేయండి, ఇప్పుడున్న ధరకే. రేపు మీకు మళ్ళీ కావాలంటే ఏ మూలైనా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త, ఫ్యూచర్ సైట్ మొదటి అచ్చులో ఫాయిల్ ఏదైనా ఉంటే పక్కన పెట్టండి. దాన్ని అడిగేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు కాదు, సేకరించేవాళ్ళు.

చారిజార్డ్‌కు కూడా అదే తేడా వర్తిస్తుంది, ఇంకా గట్టిగా. ఆ కార్డును ఇవాళ ఆడటానికి ఎవరూ కొనరు. 2021లో సెలబ్రేషన్స్ సెట్‌లో దాన్ని 25వ వార్షికోత్సవం గుర్తుతో మళ్ళీ అచ్చువేశారు, అయినా 1999 నాటి ప్రతి స్థానం దానిదే. ఇక్కడ విలువ కార్డు మీది మాటల్లో లేదు, ఏ అచ్చు, ఎంత శుభ్రంగా ఉంది అన్నదాంట్లో ఉంది. బొమ్మ కింద ఎడమవైపు ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉందో లేదో చూడండి. లేకపోతే బొమ్మ చట్రానికి కుడివైపు నీడ ఉందో లేదో చూడండి. నీడ లేని అచ్చులో అడుగున కాపీరైట్ వరసలో 1995, 96, 98, 99 అని నాలుగూ ఉంటాయి, మామూలు అన్‌లిమిటెడ్ అచ్చులో 98తో ఆగుతుంది. ఈ మూడింటి మధ్య ధర తేడా చాలా పెద్దది. తెలుసుకోకుండా ఎవరికీ చూపించవద్దు.

గ్రేడింగ్‌కు పంపాలా అని మీరు చివర్లో అడిగారు. పీఎస్‌ఏ, బెకెట్, సీజీసీ లాంటి సంస్థలు బొమ్మ మధ్యలో ఉందా, మూలలు, అంచులు, ఉపరితలం ఎలా ఉన్నాయని చూసి ఒకటి నుంచి పది దాకా మార్కు వేస్తాయి. తొమ్మిదికీ పదికీ మధ్య ధర కొన్నిసార్లు రెండింతలు, మూడింతలు. ఐదుకీ ఆరుకీ మధ్య తేడా మీ ఫీజుకు కూడా చాలకపోవచ్చు. బడి సంచిలో తిరిగిన చారిజార్డ్‌కు పది రాదు. మీది ఫస్ట్ ఎడిషన్‌దో, నీడ లేనిదో అయితే అసలుదని రుజువు కోసం పంపవచ్చు. కాకపోతే గట్టి ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి ఉంచుకోండి. ఇంకో సంగతి, 2021లో జనం ఎగబడి పంపితే పీఎస్‌ఏ మార్చి నెలలో చాలా రకాల సేవలను తాత్కాలికంగా ఆపేయాల్సివచ్చింది. అందరూ పంపుతున్నప్పుడు పంపిన కార్డు మీ చేతికి తిరిగొచ్చేసరికి గిరాకీ చల్లారుతుంది. ఏ కార్డునూ తుడవకండి, రుద్దకండి. మరక ఉన్నా కార్డు బతుకుతుంది, రుద్దిన కార్డును పారఖీ చేసేవాడు వెంటనే పట్టేస్తాడు.

ఎవరికైనా ఇచ్చేముందు మీ సీలు అసలువేనా అని మీరే చూసుకోండి, కాలేజీలో సీనియర్ దగ్గర కొన్నానన్నారు కాబట్టి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. కార్డు వెనక ఉన్న ఐదు రంగుల చుక్కల్లో ఆకుపచ్చ చుక్క మీద భూతద్దం పెడితే, లోపల నాలుగు చిన్న ఎర్రచుక్కలు ఎల్ ఆకారంలో కనిపించాలి. ముందువైపు రంగులు గులాబీ రేకుల్లాంటి చుక్కల గుంపులుగా, నల్ల అక్షరాలు మాత్రం చుక్కలు లేని గట్టి నలుపుగా ఉండాలి. అనుమానం తీరకపోతే అదే అచ్చులోని చవక కార్డు ఒకటి పక్కన పెట్టి పోల్చండి, అన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష అదే. వంచి చూసే పరీక్ష ఎవరు చెప్పినా చేయకండి, అసలు కార్డునే పాడు చేస్తుంది. కార్డు వెనక నుంచి వెలుగు వేసి చూసే కాంతి పరీక్ష, భూతద్దం రెండూ కలిపి చూస్తే చాలు. అలాగే ఆయన 31 కార్డుల్ని కూడా స్లీవ్‌లోంచి తీసి చూసే హక్కు మీకుంది. స్లీవ్ తీయనివ్వని బేరం బేరమే కాదు.

ఉంచుకునేవాటిని ఎలా ఉంచాలో క్లుప్తంగా. పీవీసీ ఉన్న పాత బైండర్ పేజీల్లోంచి ఇవాళే తీసేయండి, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ కార్డు మీదికి జిగురులా దిగుతుంది. లోపలి స్లీవ్, బయటి స్లీవ్, ఆపైన గట్టి హోల్డర్. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండే చోటు, ఎండ తగలని చోటు. రెండు వైపులా స్పష్టమైన ఫొటోలు తీసి వేరే చోట దాచండి.

ఇక ఆయనకు ఏం చెప్పాలి. వారం గడువు ఆయనకు అవసరం, మీకు కాదు, రెండు వారాలు అడగండి. ఆ 31లో మీ డెక్‌కు ఇవాళ నిజంగా కావాల్సినవి ఏవో గుర్తుపెట్టుకోండి. నా అంచనా, ఎనిమిదో తొమ్మిదో తేలతాయి, మిగతావి లెక్క సరిపోవడానికి చేర్చినవి. ఆ తొమ్మిదింటికి బదులుగా గోయిఫ్‌లు నాలుగూ, అవసరమైతే ప్లాటో ఇస్తానని చెప్పండి. ప్లాటో కూడా రిజర్వ్‌డ్ లిస్ట్‌దే, కానీ ఎరుపు తెలుపు డెక్కులు తక్కువ కాబట్టి పది డ్యుయల్స్‌లో తక్కువ ధరకు దొరికేవాటిలో అదొకటి. మీ డెక్‌లో ఆ రంగులు లేవన్నారు, ఎప్పుడైనా అవసరపడితే కష్టపడి తిరిగి కొనుక్కోగలరు. లెక్కలో తేడా వస్తే నగదుతో సరిచేసుకోండి, ఇంకో పది చిల్లర కార్డులతో కాదు.

ఆయన సీలే కావాలని పట్టుబడితే, ఒక్కటే ఇస్తానని చెప్పి, బదులు ఆయన దగ్గర ఉన్న రిజర్వ్‌డ్ లిస్ట్ కార్డులు చూపించమనండి. ట్రాపికల్ ఐలాండో, బయూనో, మీ డెక్ రంగులకు సరిపడే ఇంకో డ్యుయల్ ల్యాండో ఉంటే, దానిమీద ఎంతో కొంత చేర్చి ఇస్తే అప్పుడు నేను కూడా ఒప్పుకుంటాను. రెండో సీని ఈలోగా డెక్‌లో పెట్టి ఆడండి, డబుల్ స్లీవ్ వేసి. ఆయన కార్డుల జాబితా వచ్చాక ఇక్కడే పెట్టండి, ఒక్కొక్కటీ చూసి చెబుతాను.